వాలబీ కంట్లో పాలపొర

నేను వైద్యం చదివింది మనుషుల కళ్ళకే. హైదరాబాద్‌లో చదువుకున్నప్పుడూ, తర్వాత డబ్లిన్‌లో ఉద్యోగంలో చేరినప్పుడూ నా ముందు గడ్డం ఆనించి కూర్చున్నవాళ్ళంతా మనుషులే. కాకపోతే నాకు కళ్ళ పిచ్చి కాస్త ఎక్కువ. చేపలు తెస్తే కడిగేముందు వాటి కళ్ళలోకి చూస్తాను. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వినడం మానేసి వాళ్ళ కంటిపాప పెద్దదవుతోందా చిన్నదవుతోందా అని చూస్తూ కూర్చుంటానని మా ఆయన ఫిర్యాదు. ఈ పిచ్చి వల్లే కరోనా వచ్చిన ఏడాది నాకు ఒక వాలబీ పిల్లతో చుట్టరికం కలిసింది.

వాలబీ అంటే కంగారూ జాతిదే, కాస్త చిన్నది. ఆస్ట్రేలియాలో ఉండాల్సిన జంతువుకి ఐర్లండ్‌లో ఏం పని అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. మేం అద్దెకుంటున్న ఇల్లు డబ్లిన్‌కి ఉత్తరాన, సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరి చివర ఉంది. మేడ మీది కిటికీలోంచి చూస్తే దూరంగా ఒక దీవి కనిపిస్తుంది. దాని మీద వాలబీలు తమ తిండి తాము చూసుకుంటూ అడవి జంతువుల్లా బతుకుతున్నాయని ఊళ్ళోవాళ్ళు చెబితే, కొత్తవాళ్ళమని ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ఇక్కడివాళ్ళు ముఖంలో చిన్న నవ్వు కూడా లేకుండా అబద్ధం చెప్పగలరు. కానీ ఇది నిజమే. ఎవరో ఎప్పుడో తెచ్చి వదిలారు. అవి ఆ చలికీ, ఆ వానకీ, ఆ గాలికీ అలవాటు పడి, పిల్లల్ని కని, కొండ అంచున గడ్డి మేస్తూ అక్కడివే అయిపోయాయి. మా సంగతీ అంతే కదా అని మా ఆయన అన్నాడు.

ఆ వసంతంలో మా ఇంట్లో మేం ముగ్గురం. మా ఆయన లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఫ్యాక్టరీ మూయలేదు కాబట్టి రోజూ వెళ్ళేవాడు. మా ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్లన్నీ ఆపేశారు. మమ్మల్ని రెండు జట్లుగా విడగొట్టి ఒక వారం డ్యూటీ, ఒక వారం ఇల్లు అన్నారు. మూడో మనిషి మా అత్తమ్మ. కరీంనగర్ నుంచి చలికాలం చివర్లో చూసిపోదామని వచ్చింది. ఇంతలో విమానాలు ఆగిపోయాయి. తెచ్చుకున్న చింతపండు అయిపోయింది, తిరుగు ప్రయాణం మాత్రం ఎప్పుడో తెలియదు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. రైతు భార్య, భర్త పోయాడు, పొలం చాలావరకు అమ్మేసింది. ఇల్లూ, వెనక చిన్న పచ్చిక మడీ మిగిలాయి. డెబ్భై దాటినవాళ్ళెవరూ గడప దాటొద్దని ప్రభుత్వం చెప్పడంతో ఆమె ఇంట్లోనే బందీ. మా రెండు పెరళ్ళ మధ్య నడుము ఎత్తు రాతి గోడ. అటు ఆమె, ఇటు మా అత్తమ్మ. ఒకరికి తెలుగు రాదు, ఇంకొకరికి ఇంగ్లీషు రాదు. అయినా పొద్దున్నే టీ కప్పులు పట్టుకుని గోడకి అటూ ఇటూ దూరదూరంగా నిలబడి ఎవరి భాషలో వాళ్ళు తెగ మాట్లాడుకునేవాళ్ళు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే అత్తమ్మ, "ఏమో బిడ్డా, ఆమెకు మోకాళ్ళ నొప్పులట," అనేది. నిజంగానే ఆమెకి మోకాళ్ళ నొప్పులు.

వాలబీ పిల్ల వచ్చింది ఆ పెద్దావిడ ఇంటికే. ఆమె మేనల్లుడు పడవ మీద దీవికి వెళ్ళి గొర్రెల పని చూసేవాడు. ఒకరోజు కొండ కింద ఆడ వాలబీ చచ్చి పడి ఉంది. దాని పొట్ట మీది సంచిలో ఏదో కదులుతోంది. తీసి చూస్తే పిల్ల, ఒంటిమీద బొచ్చు వచ్చేసింది, కాళ్ళు మాత్రం శరీరానికి మించి పొడుగు. చొక్కాలో పెట్టుకుని తిన్నగా మేనత్త దగ్గరికి తెచ్చాడు. ఎందుకంటే ఆమె చిన్నప్పటి నుంచి తల్లిలేని గొర్రెపిల్లల్ని సీసా పాలతో పెంచినావిడ. ఇక్కడ రైతుల ఇళ్ళలో అది మామూలే. తల్లి పోయిన గొర్రెపిల్ల వంటింట్లో పొయ్యి పక్కన అట్టపెట్టెలో పెరుగుతుంది. ఆమె ఒక దిండు గలీబు పొయ్యి తలుపు పిడికి తగిలించి, పిల్లని అందులో వేసింది. ప్రెస్ తలుపు తీసి, గొర్రెపిల్లల పాలపొడి డబ్బా దింపి, నీళ్ళు వెచ్చబెట్టింది. ఇక్కడ అల్మరాని ప్రెస్ అంటారు, నాకూ అదే అలవాటైపోయింది.

పిల్ల బతికింది. బతకడమే కాదు, కొన్ని వారాల్లో గలీబులోంచి దిగి ఆమె వెనకాలే వంటింట్లో గెంతడం మొదలుపెట్టింది. ఎండ కాస్తే ఆమె దాన్ని ఎత్తుకుని గోడ దగ్గరికి తెచ్చేది. మా అత్తమ్మ పాడి ఉన్న ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. ఆ పిల్లని చూడగానే మురిసిపోయింది. "ఎంత నెమ్మదిగున్నది సూడు. మన లేగదూడలన్న ఇట్లుండయ్. ఎవలు వోయినా ఉలకది, పలకది," అంది. పెద్దావిడ కూడా అదే మాట గర్వంగా చెప్పేది. తన పిల్లి ముక్కు ముందు నడిచిపోయినా అది కదలదట, చెయ్యి ఊపినా తల తిప్పదట.

ఇద్దరు ముసలమ్మలూ మెచ్చుకుంటున్న ఆ నెమ్మదితనమే నాకు నచ్చలేదు. వేటాడే జంతువుల నోట పడకుండా బతకడానికి పుట్టిన జీవి అది. దాని కళ్ళు తలకి రెండు పక్కలా ఉండేదే అందుకు, వెనక నుంచి వచ్చేదాన్ని కూడా చూడటానికి. అలాంటి జీవి పిల్లిని చూసి ఉలిక్కిపడలేదంటే రెండే అర్థాలు. ఒకటి, దానికి మతి లేదు. రెండు, దానికి పిల్లి కనిపించలేదు. నేను గోడ మీదికి వంగి చూశాను. కంటిపాప నల్లగా లేదు. మధ్యలో తెల్లటి మసక ఉంది.

నా దగ్గర చేత్తో పట్టుకుని కంట్లోకి చూసే పరికరం ఉంది, ఆఫ్తాల్మోస్కోపు. చదువుకునే రోజుల్లో కొన్నది. దానితో చూడాలంటే రోగి ముక్కుకి నా ముక్కు దాదాపు ఆనాలి. కానీ రోగిని పట్టుకున్న మనిషి దగ్గరికి నేను వెళ్ళకూడదు. ఆసుపత్రి నుంచి వచ్చేదాన్ని, ఏం మోసుకొస్తున్నానో ఎవరికి తెలుసు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆమె పిల్లని గలీబుతో సహా బుట్టలో పెట్టి, బుట్టని గోడ మీద ఉంచి, ఇంటి గుమ్మం దాకా వెనక్కి వెళ్తుంది. అప్పుడు నేను మాస్కు కట్టుకుని వెళ్తాను. మా అత్తమ్మ నా వెనక నిలబడి పాత దుప్పటి ఒకటి నా తల మీదా, పిల్ల మీదా కలిపి కప్పుతుంది, చీకటి కోసం. దారిన పోయేవాళ్ళు చూస్తే మేం ఏం చేస్తున్నామనుకునేవాళ్ళో గానీ, అప్పుడు దారిన పోయేవాళ్ళే లేరు.

ఆ దుప్పటి కింద నేను చూసినది చెప్పకుండా ఉండలేను. కన్ను పెద్దది, కాస్త బయటికి ఉబికి ఉంది, పొడుగాటి వెంట్రుకలు కాపలా. ముక్కు వైపు మూల మూడో రెప్ప ఉంది. లైటు దగ్గరికి తెస్తే అది సన్నటి తెరలా అడ్డంగా జరిగింది. మనకి ఆ రెప్ప పోయి గులాబీ రంగు మడత ఒకటి మిగిలింది, అద్దంలో చూసుకుంటే కనిపిస్తుంది. ఇంకా లోపలికి వెళ్తే నాకో పెద్ద ఆశ్చర్యం. పిల్లికీ ఆవుకీ కంటి వెనక పొరకి ఆనుకుని అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది, చీకట్లో వాటి కళ్ళు పచ్చగా మెరిసేది దానివల్లే. ఈ కంట్లో ఆ మెరుపు లేదు. పక్కల నుంచి వచ్చిన వెలుగు ఎర్రగా, అచ్చం మనిషి కంట్లోంచి వచ్చినట్టే వచ్చింది. కంగారూ జాతికి ఆ అద్దం పొర ఉండదని తర్వాత చదివాను. సముద్రాలు దాటి వచ్చిన ఆ జంతువు కన్ను ఈ ఒక్క విషయంలో మా ఆసుపత్రి వరండాలో కూర్చునే రోగుల కన్నులాంటిదే. అంతవరకు బాగానే ఉంది. ఎర్రటి వెలుగుకి నడిమధ్యన మాత్రం లెన్సులో ఒక గుండ్రటి మచ్చ, నీళ్ళలో పడ్డ నూనె చుక్కలాగా. రెండు కళ్ళలోనూ. శుక్లం. పసిపిల్లకి ముసలివాళ్ళ జబ్బు.

పెద్దావిడకి గుమ్మం దాకా వినపడేలా గట్టిగా చెప్పాను. మర్నాడు మేనల్లుడు వచ్చి వీధిలో నిలబడి తన మాట చెప్పాడు. మంచివాడే, కానీ మెత్తగా మాట్లాడటం రాదు. "శరదృతువుకి దీన్ని దీవికి తీసుకెళ్ళిపోవాలి. ఇది అడవి జంతువు, ఇంట్లో పెంచుకునేది కాదు. కళ్ళు లేకపోతే అక్కడ మొదటి రోజే కొండ మీంచి పడుతుంది. పశువుల డాక్టరుతో ఫోన్లో మాట్లాడాను. అప్పటికి చూపు రాకపోతే ఇంజెక్షన్ ఇచ్చేద్దామంది. నొప్పి తెలీదట." పెద్దావిడ గలీబుని గుండెకి అదుముకుని, "గ్రాండ్," అంది. ఈ దేశంలో ఆ మాట బాగుందనడానికీ, బాగాలేదని చెప్పడం ఇష్టం లేనప్పుడూ కూడా వాడతారు.

ఆపరేషన్ చేయొచ్చు కదా అని మీరనుకుంటారు. నాకూ చేతులు దురదపెట్టాయి. కానీ మనుషులకే ఆపరేషన్లు ఆగిపోయిన రోజులు. ఫోన్ చేసి మా శుక్లం ఎప్పుడు తీస్తారమ్మా అని అడిగే ముసలివాళ్ళకే తేదీ చెప్పలేకపోతున్నాం. అందుకని నా చేతిలో ఉన్నది ఒకటే, అసలీ శుక్లం ఎందుకొచ్చిందో తెలుసుకోవడం. ఇంట్లో ఉన్న వారమంతా అదే పని. అత్తమ్మ అన్నం తినమని పిలిస్తే కంప్యూటర్ ముందు నుంచే ఊఁ కొట్టేదాన్ని.

ఎన్ని వింతలు తెలిశాయో! ఈ సంచి జంతువులు చిక్కుడు గింజంత సైజులో పుడతాయి. అప్పటికి కన్ను అనదగ్గది ఇంకా తయారే కాదు. మన బిడ్డకి కడుపులో జరిగేదంతా వాటికి తల్లి సంచిలో జరుగుతుంది. రెటీనా పొరలుపొరలుగా పేర్చుకోవడం, మెదడు దాకా నరం అల్లుకోవడం, రెప్పలు విడటం, అంతా పాలు తాగుతూనే. పుస్తకంలో బొమ్మలు చూసి బట్టీ పట్టినదాన్ని వీటిలో కళ్ళారా చూడొచ్చు. వాలబీ రెటీనాలో బాగా చూడగలిగే భాగం అడ్డంగా ఒక పట్టీలా ఉంటుందట. పచ్చిక మైదానం మీద ఆకాశం అంచు వెంట ఏది కదిలినా పట్టేయడానికన్నమాట. రోగాల సంగతి చదివితే ఇంకో లోకం. కోలా అనే సంచి జంతువులకి కళ్ళకలక లాంటి జబ్బు వస్తుంది, కనుగుడ్డు మీద పొర కట్టి గుడ్డివైపోతాయి. మా తాతల తరంలో ఊళ్ళకి ఊళ్ళ చూపు తీసిన ట్రకోమా అనే కంటిజబ్బుకి కారణమైన క్రిమికి దీన్ని తెచ్చే క్రిమి తమ్ముడి వరస. ఇంకొకసారి ఆస్ట్రేలియాలో కంగారూలు గుంపులుగా గుడ్డివై కంచెలకి కొట్టుకున్నాయట. చిన్న చిన్న కుట్టే పురుగులు మోసుకొచ్చిన వైరస్ అది. ఆ పురుగుల చుట్టాలు మా పెరట్లో సాయంత్రమైతే మమ్మల్నీ కుడతాయి. ఆ పేజీ చదివాక అత్తమ్మ చేత పెరట్లో వేపాకు పొగ వేయిద్దామనుకున్నాను, వేపాకు ఎక్కడ దొరుకుతుంది ఇక్కడ.

ముందు నేను పట్టుకున్నది పెద్దావిడ పిల్లిని. పిల్లి మలంలోంచి వచ్చే ఒక సూక్ష్మజీవి వాలబీలకి మహా ప్రమాదం, కంటి లోపలి పొరల్ని తినేస్తుంది. పిల్లి మీద నేరం మోపి, ఆమె ఏడుపు ముఖం పెట్టినా వినకుండా దాన్ని వంటింట్లోంచి వెలివేయించాను. పశువుల డాక్టరు తన క్లినిక్ కారు పార్కులో పిల్ల రక్తం తీసి పరీక్షకి పంపింది. ఏమీ లేదు. పిల్లి తిరిగొచ్చి పొయ్యి పక్కన పడుకుని నన్ను కిటికీలోంచి చూసింది.

ఆ తర్వాతి డ్యూటీ వారంలో ఆసుపత్రి బల్ల మీద ఒక పసిబిడ్డ ఉంది. ఈ దేశంలో బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే మడమలోంచి రక్తపు చుక్క తీసి కొన్ని జబ్బులకి పరీక్ష చేస్తారు. వాటిలో ఒకటి, పాలలోని చక్కెరని అరిగించుకోలేని జబ్బు. చాలా దేశాలకంటే ఇక్కడ ఎక్కువే కనిపిస్తుంది. అలాంటి బిడ్డ పాలు తాగితే గాలక్టోస్ అనే చక్కెర ఒంట్లో పేరుకుపోతుంది, కంటి లెన్సులోకి చేరి నీరు లాగి మబ్బు కమ్మిస్తుంది. ముందే కనిపెట్టి పాలు ఆపేస్తే మబ్బు విడిపోతుంది. ఆ పరీక్షలో జబ్బు బయటపడ్డ ఈ బిడ్డ కంట్లోకి లైటు వేశాను. ఎర్రటి వెలుగు మధ్యలో నూనె చుక్క. నేను ఈ చుక్కని మా గోడ మీద చూశాను కదా అనుకున్నాను.

ఇంటికి రాగానే స్నానం చేసి గోడ దగ్గరికి పరిగెత్తి, "ఆ సీసాలో ఏం పోస్తున్నారు?" అని అరిచాను. గొర్రెపిల్లల పాలపొడి. ఆవుపాలతో చేసింది. చదివితే అంతా వివరంగా ఉంది. వాలబీ పిల్ల ఒంట్లో ఆ చక్కెరని కరిగించే సరుకు చాలా తక్కువ. తల్లి పాలు వేరే రకం, పైగా పిల్ల ఎదిగేకొద్దీ మారుతూ పోతాయి. సంచిలో చంటిదొకటి, బయట గెంతేదొకటి ఉంటే రెండు చన్నుల్లో రెండు రకాల పాలు ఒకేసారి ఇస్తుందట తల్లి. ఈ మాట చెబితే అత్తమ్మ నోరు తెరిచింది. "మనకు గట్ల లేకపాయె. పెద్దోనికి వేరే, సిన్నోనికి వేరే వండలేకనే సచ్చిన," అంది.

పెద్దావిడకి చెప్పడమే కష్టమైంది. "పుట్టినప్పటి నుంచి గొర్రెపిల్లల్ని పెంచాను. ఒక్కదానికీ కళ్ళు పోలేదు," అంది. గొర్రెలు వేరు, ఇది వేరు అన్నాను. "ఆవు పాలు ఎవరికి పడవు డాక్టర్?" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నాకు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. నేను చెప్పింది జబ్బు సంగతే, ఆమె విన్నది మాత్రం నీ చేతులతోనే దాని కళ్ళు పోగొట్టావని. మర్నాడు ఆమే వచ్చి, ఖాళీ సీసా గోడ మీద పెట్టి, "చెప్పు, ఏం పోయాలి?" అంది. పశువుల డాక్టరు ఒప్పుకున్న మీదట, ఆ జబ్బు ఉన్న పసిబిడ్డలకిచ్చే సోయా పొడి తెప్పించి పోశాం. వాలబీల కోసమే తయారుచేసే పొడి ఆస్ట్రేలియా నుంచి రావాలి, విమానాలే లేవు.

రోజులు గడిచాయి. వారం వారం దుప్పటి కింద దూరి చూస్తున్నాను. మచ్చ తగ్గలేదు. పైగా ఎడమ కంట్లో కాస్త పెరిగినట్టుంది. నాకు అర్థం కాలేదు. సోయాలో గాలక్టోస్ లేదు, గడ్డిలో లేదు, నీళ్ళలో లేదు. పెద్దావిడ దొంగతనంగా ఆ పాత పొడి పోస్తోందేమోనని కూడా అనుమానించాను. డబ్బా చూపించమని అడిగితే, పారేశాను అంది, కళ్ళలోకి చూసి మరీ. మేనల్లుడు వచ్చి ఎలా ఉందని అడిగాడు, నేను మాట దాటేశాను.

ఒక మధ్యాహ్నం డ్యూటీ తొందరగా అయిపోయి ఇంటికి వచ్చేసరికి వంటిల్లు ఖాళీ. పెరట్లోకి చూస్తే అత్తమ్మ గోడ మీద ముంజేతులు ఆనించి ఉంది. పక్కన స్టీలు గిన్నె. అటువైపు పెద్దావిడ పిల్లని ఎత్తుకుని చేయి చాచినంత దూరంలో నిలబడింది. అత్తమ్మ పొడుగాటి గరిటె కాడతో గిన్నెలోంచి ఏదో తీసి పిల్ల నోటికి అందిస్తోంది. అది మూతి చప్పరిస్తూ తింటోంది. గిన్నెలో పెరుగు. గట్టి పెరుగు. దుకాణంలో పెరుగు నచ్చక, ఎండుమిరపకాయ తొడిమెలు వేసి అత్తమ్మ తానే తోడు పెట్టుకున్న పెరుగు.

"అత్తమ్మా! పాలు పోయొద్దని ఎన్నిసార్లు చెప్పాను!"

"పాలు వద్దన్నవ్, మేం పోస్తలేం," అంది తొణక్కుండా. "ఇది పెరుగు. పెరుగు పాలెట్లయితది బిడ్డా? దానికి పాలు పడుతలేవని నువ్వే అంటివి. మన పోరగాండ్లకు పాలు పడకుంటే పెరుగన్నం వెడ్తం. కడుపుల సల్లగుంటదని వెట్టిన."

మా ఇళ్ళలో ఎవరు కాదంటారు ఆ మాట? జ్వరం వస్తే పెరుగన్నం, అజీర్తికి పెరుగన్నం, పరీక్షకి వెళ్తుంటే పెరుగు. ఆస్ట్రేలియా డాక్టర్లు రాసిన వ్యాసాలన్నీ చదివానే గానీ, పెరుగు పెట్టొద్దని ఏ వ్యాసంలోనూ రాయలేదు. పెట్టే అత్తమ్మలు వాళ్ళకి లేరు. చెప్పక తప్పలేదు. పాలు తోడుకునేటప్పుడు ఆ సూక్ష్మజీవులు పాల చక్కెరని రెండుగా విడగొడతాయి. తమకి కావలసిన సగం తినేసి, గాలక్టోస్‌ని చాలావరకు వదిలేస్తాయి. పాలలో దాక్కుని ఉన్న శత్రువు పెరుగులో బయటికొచ్చి కూర్చుంటుంది.

అత్తమ్మకి చక్కెర లెక్క అర్థమైందో లేదో గానీ, సంగతి అర్థమైంది. గరిటె గిన్నెలో పడేసింది. "నా సేతులతోనే దాని కండ్లు ఆర్పిన గదా," అంది. లోపలికి వెళ్ళి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. రాత్రి అన్నంలో పెరుగు వేసుకోలేదు. మర్నాడు టీ కప్పు పట్టుకుని గోడ దగ్గరికి పోలేదు. నా నోరు కాస్త తక్కువ లేస్తే బాగుండేదని నాకు బాధేసింది. ఎందుకంటే ఆ పిల్లకి చూపు రావాలని మా ఇంట్లో ఎవరైనా మనసారా కోరుకున్నారంటే అది ఆమే. నాకు అసలు కుతూహలమే ఎక్కువ. ఆమెకి ప్రేమ.

గోడ దగ్గర ఖాళీ చూసి పెద్దావిడే ఇటు వచ్చింది. అప్పటికి పెద్దవాళ్ళ మీద ఆంక్షలు సడలించారు. వీధి చుట్టూ తిరిగి మోకాళ్ళ నొప్పులతో మా గుమ్మం ముందు నిలబడి, నన్ను అనువదించమంది. "నేను సీసాలతో పోశాను, మీరు గరిటెతో పెట్టారు. ఎక్కువ పాపం నాదే, మొదటి వంతు నాది. ఆవిడకి చెప్పు." చెప్పాను. అత్తమ్మ లేచి కూర్చుని, "గట్లెట్లయితది? ఆమె తెల్వక పోసింది. నేను నువ్వు వద్దన్నంక వెట్టిన," అంది. అదీ అనువదించాను. పాపంలో ఎవరి వాటా ఎక్కువో తేలేదాకా నేను మధ్యలో నిలబడి అటూ ఇటూ మాటలు మోశాను. చివరికి ఇద్దరూ కలిసి టీ తాగారు, కిటికీకి అటొకరు, ఇటొకరు.

ఆ తర్వాత కన్ను నిజంగానే మారడం మొదలుపెట్టింది. లెన్సు ఉల్లిపాయలా పెరుగుతుంది, కొత్త పొరలు బయటివైపు చేరతాయి. పాడైన నడిమి భాగం అలాగే ఉండిపోయినా, చుట్టూ చేరుతున్న పొరలు తేటగా వస్తున్నాయి. ఆస్ట్రేలియా పొడి కూడా వచ్చింది. వేసవి చివరికి మచ్చ ఒక చిన్న చుక్క అయింది. దాని చుట్టూ ఎర్రటి వెలుగు వెడల్పుగా, శుభ్రంగా. అయినా లెన్సు తేటపడటం వేరు, చూడటం వేరు. పసితనంలో మసకబారిన కంటికి చూడటం ఎలాగో మెదడు నేర్చుకోకుండానే ఉండిపోవచ్చు. మనుషుల బిడ్డల్లో అది చాలాసార్లు చూశాను. ఈ భయం నేను ఆ ఇద్దరికీ చెప్పలేదు.

పరీక్ష కోసం దూది ఉండలు తెచ్చాను. దూది పడితే చప్పుడు కాదు, కాబట్టి తల తిప్పితే కళ్ళతో చూసి తిప్పినట్టే. పచ్చికలో నిలబడి దాని ముందు ఒకటి జారవిడిచాను. అది గడ్డి మేస్తూనే ఉంది. ఇంకొకటి, కుడి వైపు. చెవి కదిలింది, తల కదల్లేదు. ఇంకోసారి చేస్తే తల తిప్పింది గానీ, అప్పుడే పెద్దావిడ దగ్గింది. మేనల్లుడు జేబుల్లో చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. "కనిపిస్తోందా, లేదా?" అన్నాడు. "లోపలికి వెలుగు పోతోంది," అన్నాను. అది డాక్టరు జవాబు. వాడు అడిగినదానికి జవాబు కాదు. పెద్దావిడే తేల్చింది. "దీవి మీద ఇంటి పక్కన కంచె వేసిన మడి ఉంది కదా. కొన్నాళ్ళు అందులో ఉంచు. అక్కడా తడబడితే..." వాడు సరేనన్నాడు.

అక్టోబరులో గాలి లేని ఒక ఉదయం పడవ వెళ్ళింది. రేవు మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరమే. పెద్దావిడ రాలేదు. అత్తమ్మా నేనూ వెళ్ళి చూశాం. పెట్టెకున్న సందుల్లోంచి ఒక కన్ను కనిపించింది. అది మమ్మల్ని చూస్తోందో, ఊరికే తెరిచి ఉందో, అన్నేళ్ళు చదివిన నాకే తెలియలేదు. కంచె మడిలో మేస్తోందని, కంచెకి కొట్టుకోవడం లేదని అప్పుడప్పుడు కబురు వచ్చేది. తర్వాత ఒకరోజు మడి తలుపు తీస్తానని మేనల్లుడు చెప్పాడు. ఆ రోజు ముసలమ్మలిద్దరూ పొద్దున్నుంచి గోడ దగ్గరే ఉన్నారు. నేను లోపల గిన్నెలు కడుగుతూ, కడిగినవే మళ్ళీ కడిగాను.

మధ్యాహ్నం పెద్దావిడ ఫోన్ మోగింది. ఆమె విని, విని, ఫోన్ కిందికి దించింది. నేను తడి చేతులతో బయటికి పరిగెత్తాను. ఆమె ముఖమంతా కన్నీళ్ళు. ఏడుస్తూనే చెప్పింది. అది మడి దాటి బయటికొచ్చి గడ్డి మేస్తోందట. పైనుంచి పెద్ద సముద్రపు పక్షి ఒకటి రెక్క కొట్టకుండా జారుతూ వచ్చిందట, చప్పుడే లేదు, నీడ కూడా లేదు, అంత మబ్బుగా ఉంది. పిల్ల తలెత్తి, ఒక్క గెంతులో ముళ్ళపొదల్లోకి పోయి దాక్కుందట. వాడు పిలిచినా బయటికి రాలేదట.

"ఏమంటున్నది? ఏమాయె?" అని అత్తమ్మ నా భుజం పట్టుకుని ఊపింది.

"భయపడ్డదట అత్తమ్మా. పైనుంచి పోయే పక్షిని చూసి భయపడి పొదల్లకు ఉరికిందట."

అత్తమ్మ రెండు చేతులూ గోడ మీద ఆనించి కళ్ళు మూసుకుంది.

"అమ్మయ్య," అంది. "భయపడ్డది."